బిడ్డకి ఎవరున్నారు? దత్తత, బంధువుల పెంపకం, ఫోస్టర్ కేర్, గార్డియన్‌షిప్: ఏది ఎప్పుడు

"దత్తత తీసుకోవాలనుకుంటున్నాం, ఎవరిని కలవాలి?" అని అడిగేవాళ్ల మనసులో మామూలుగా ఒకే బొమ్మ ఉంటుంది: నెలల పసికందు, ఆరోగ్యంగా, వెనకా ముందూ ఎవరూ లేకుండా. హోముల్లో, బాలసదన్‌లలో ఉన్న పిల్లల్లో ఆ బొమ్మకి సరిపోయేవాళ్లు చాలా తక్కువ. ఒకరికి నాన్న పోయాడు, అమ్మ కూలికెళ్తూ ముగ్గురిలో ఇద్దర్ని హోములో చేర్చింది. ఇంకొకరి అమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది, నాన్న తాగుడు మానలేదు. మరొకరికి ఇద్దరూ పోయారు, అమ్మమ్మకి డెబ్భై దాటాయి, మేనమామ "చూద్దాం లే" అంటున్నాడు. వీళ్లెవరూ ఇప్పటికిప్పుడు దత్తతకి ఇవ్వగలిగిన పిల్లలు కారు. అయినా వీళ్లందరికీ ఒక ఇల్లు కావాలి. పద్దెనిమిదేళ్లు నిండి హోము నుంచి బయటికొచ్చాక కూడా సంక్రాంతికి వెళ్లడానికి ఒక గడప ఉండాలి.

కాబట్టి ఎంపిక మొదలుపెట్టాల్సింది ఈ బిడ్డకి ఎవరున్నారు అన్న దగ్గర. ఉన్నవాళ్లు పెంచలేకపోతున్నది డబ్బు లేకా, జబ్బు వల్లా, తాగుడు వల్లా, అసలు ఇష్టమే లేకా? ఆ కారణం పోయే అవకాశముందా? బిడ్డ వయసెంత, తోబుట్టువులున్నారా? వీటికి నిజమైన జవాబు దొరికితే ఏ దారో సగం తేలిపోయినట్టే. మన అర్హతలు, కాగితాలు ఆ తర్వాతి సంగతి.

ఈ జవాబులు తేల్చే అధికారం బాలల సంక్షేమ సమితిది. అందరూ సీడబ్ల్యూసీ అనే అంటారు. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఆలనాపాలనా లేకుండా దొరికిన బిడ్డని ప్రయాణ సమయం పోను 24 గంటల్లో ఈ సమితి ముందుకు తేవాలి. జిల్లా బాలల పరిరక్షణ విభాగం, అంటే డీసీపీయూ వాళ్లు ఇంటికెళ్లి విచారించి రిపోర్టు ఇస్తారు. హోములో ఉంచడం ఆఖరి మార్గంగానే ఉండాలని చట్టంలోనే రాసి ఉంది. ఆచరణలో తరచూ అదే మొదటి మార్గం అయి కూర్చుంటుంది. హోములో చేర్చడం ఒక్క ఆర్డరుతో అయిపోతుంది, ఇల్లు వెతకాలంటే మాత్రం నలుగురు తిరగాలి.

సొంతిల్లు నిలబడుతుందేమో ముందు చూడాలి

పేదరికం ఒక్కటే కారణమైతే బిడ్డని ఆ ఇంటి నుంచి తీయకూడదు. ఇది నా అభిప్రాయం అనుకునేరు, చట్టం ఉద్దేశమూ అదే. ఇలాంటి ఇళ్ల కోసం మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద స్పాన్సర్‌షిప్ ఉంది. 2022 మార్గదర్శకాల ప్రకారం బిడ్డకి నెలకి 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 రూపాయలు మించకూడదు. భర్త పోయిన తల్లి, భర్త వదిలేసిన తల్లి, ప్రాణాంతక జబ్బుతో ఉన్న తల్లిదండ్రులు, బంధువుల ఇంట్లో పెరుగుతున్న అనాథ పిల్లలు దీని కిందికి వస్తారు. ఇప్పటికే హోములో ఉన్న బిడ్డని ఇంటికి పంపేటప్పుడు కూడా ఇది ఇవ్వొచ్చు. ఈ సంగతి చాలామంది తల్లులకి తెలియదు. "హోములో ఉంటేనే చదువు, తిండి" అనుకుని అక్కడే ఉంచేస్తారు.

4,000 రూపాయలతో ఇల్లు గడవదు, నిజమే. అద్దె కట్టే తల్లికి అది ఏ మూలకీ రాదు. కానీ బడి ఆటో, పుస్తకాలు, పాలు గడిచిపోతే ఆ తల్లి బిడ్డని దగ్గరే ఉంచుకోగలదా అన్నది లెక్క. చాలా ఇళ్లలో ఉంచుకోగలదు. పండగ సెలవులకి హోముకొచ్చి పిల్లల్ని తీసుకెళ్లే తల్లి ఉందంటే, ఆ బిడ్డకి కొత్త అమ్మానాన్నల్ని వెతకాల్సిన పని లేదు.

కొట్టడం, లైంగిక హింస, పనికి అమ్మేయడం లాంటివి జరిగిన ఇంటికి ఈ మాటలేవీ వర్తించవు. అక్కడ "ఎంతైనా సొంత తండ్రి కదా" అనే పెద్దమనుషుల మాట వినకూడదు.

బంధువులు పెంచుతుంటే: కాగితం ఏది?

మనవాళ్లలో అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, అన్నిటికంటే తక్కువ కాగితాలు ఉండేది ఇదే. అమ్మమ్మ దగ్గర పెరుగుతాడు, పిన్ని దగ్గర చదువుకుంటుంది. ఊళ్లో ఎవరూ కాగితం అడగరు. అడిగేది బయటివాళ్లు. ఆరో తరగతి అడ్మిషన్‌కి టీసీతో పాటు తల్లిదండ్రుల ఆధార్ అడుగుతారు. అపెండిసైటిస్ ఆపరేషన్‌కి సంతకం ఎవరు పెడతారని ఆస్పత్రిలో అడుగుతారు. బ్యాంకులో మైనర్ ఖాతాకి గార్డియన్ ఎవరంటే అమ్మమ్మ "నేనే బాబూ, పుట్టినప్పట్నించీ నేనే సాకుతున్నా" అంటుంది. కౌంటర్ దగ్గర కుర్రాడు జాలిగా చూసి "కోర్టు ఆర్డరేమైనా ఉందా పెద్దమ్మా?" అంటాడు.

ఇక్కడ మూడు దారులున్నాయి. ఒకటి, సీడబ్ల్యూసీ ఆర్డరుతో బంధువు దగ్గర ఉంచి స్పాన్సర్‌షిప్ ఇవ్వడం. ఇది తొందరగా అవుతుంది, హక్కులు మాత్రం తక్కువ. రెండోది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టుకెళ్లి గార్డియన్‌గా నియమింపజేసుకోవడం. మూడోది దత్తత.

గార్డియన్ అంటే సంతకం పెట్టే అధికారం, బాధ్యత, బిడ్డ ఆస్తికి కాపలా. బిడ్డ పేరున ఉన్న స్థలం అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి. 18 ఏళ్లు నిండగానే ఆ బంధం చట్టం దృష్టిలో ముగుస్తుంది. గార్డియన్ ఆస్తిలో బిడ్డకి వారసత్వం రాదు, ఇంటిపేరు మారదు. ఇవన్నీ లోపాల్లా కనిపిస్తాయి గానీ కొన్ని ఇళ్లలో ఇవే కావాలి.

ఎలాగంటే, తండ్రి పోయిన పిల్లాడిని మేనమామ దత్తత తీసుకున్నాడనుకోండి. తండ్రి పోయిన రోజే పిల్లాడికి దక్కిన వాటా ఎక్కడికీ పోదు, దత్తత తర్వాతా అది అతనిదే. కానీ నాన్నగారి నాన్న, అంటే తాత ఇంకా బతికే ఉన్నాడు, ఆయన స్వార్జితం నాలుగెకరాలు ఉంది. వీలునామా రాయకుండా ఆయన పోతే, చనిపోయిన కొడుకు బిడ్డగా పిల్లాడికి అందులో వాటా రావాలి. దత్తత అయిపోతే అతను ఆ ఇంటి వారసుడు కాడు, ఆ వాటా పోయినట్టే. తాత పిల్లాడి పేరున వీలునామా రాస్తే సరి. రాయకపోతే గార్డియన్‌షిప్పే మేలు. ఇది ముందే ఆలోచించకుండా "సొంత కొడుకులా చూసుకుంటాం, దత్తత చేసుకుంటే పోలా" అని దత్తపత్రం రాయించేస్తారు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. రోడ్డు ప్రమాదంలో తల్లిదండ్రులిద్దరూ పోతే నష్టపరిహారం డబ్బు, బీమా డబ్బు బిడ్డ పేరున వస్తాయి. అప్పటిదాకా ఫోన్ చేయని బంధువులు కూడా ఆ వారంలో దిగుతారు. ఎవరి ప్రేమ ఎంతో చెప్పడం సీడబ్ల్యూసీకీ కష్టమే. బిడ్డ డబ్బు మైనారిటీ తీరేదాకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టించి, ఆ తర్వాత కూడా ఎవరు మిగులుతారో చూస్తే సరిపోతుందని నాకనిపిస్తుంది.

దత్తతే సరైనదని తేలితే బంధువులకి రెండు చట్టాలున్నాయి. హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులు 1956 హిందూ దత్తత చట్టం వాడుకోవచ్చు. బిడ్డకి 15 ఏళ్లు నిండి ఉండకూడదు. కొడుకున్నవాళ్లు మళ్లీ కొడుకుని, కూతురున్నవాళ్లు మళ్లీ కూతుర్ని తీసుకోకూడదు. మగవాళ్లు ఆడపిల్లనీ, ఆడవాళ్లు మగపిల్లాడినీ తీసుకుంటే 21 ఏళ్ల తేడా ఉండాలి. హోమం చేశారా లేదా అన్నది ముఖ్యం కాదు, బిడ్డని ఇవ్వడం, పుచ్చుకోవడం నిజంగా జరగాలి. దత్తపత్రం రిజిస్టర్ చేయిస్తే కోర్టు దత్తత చట్టబద్ధంగానే జరిగిందని ముందు నమ్ముతుంది, కాదనేవాళ్లే రుజువు చేయాలి. తల్లిదండ్రులిద్దరూ పోయినప్పుడు మాత్రం బిడ్డని ఇవ్వాలంటే గార్డియన్ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. "మా పెద్దలంతా ఉన్నారుగా" అంటే కుదరదు.

రెండోది జువెనైల్ జస్టిస్ చట్టం కింద బంధువుల దత్తత. మతంతో పనిలేదు. ముస్లింలు, క్రైస్తవులకి ఒకప్పుడు గార్డియన్‌షిప్ తప్ప దారి లేదు. ఈ చట్టం కింద ఏ మతం వాళ్లయినా దత్తత తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2014 ఫిబ్రవరిలో షబ్నమ్ హష్మీ కేసులో తేల్చింది. బంధువులంటే ఇక్కడ పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, ఇరువైపులా తాతలు, అమ్మమ్మ, నానమ్మ. సొంత అన్న, అక్క ఈ జాబితాలో లేరు. ఇరవై ఆరేళ్ల అక్క పదేళ్ల తమ్ముణ్ని పెంచుతుంటే ఆమెకి గార్డియన్‌షిప్పే దారి. ఈ దత్తతకి కేంద్ర దత్తత సంస్థ కారా పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవాలి, కన్న తల్లిదండ్రుల సమ్మతి గానీ సీడబ్ల్యూసీ అనుమతి గానీ ఉండాలి, డీసీపీయూ కుటుంబ నేపథ్య రిపోర్టు ఇస్తుంది, చివరికి కలెక్టర్ ఆర్డర్ ఇస్తారు. 2022 సెప్టెంబరు దాకా ఈ ఆర్డర్లు కోర్టులిచ్చేవి.

నన్నడిగితే, కన్నవాళ్లిద్దరూ బతికుండి మనస్ఫూర్తిగా ఇస్తున్న చోట 1956 చట్టం సులువు. బిడ్డ ఒకసారి సీడబ్ల్యూసీ ముందుకొచ్చాక మాత్రం రెండో దారే భద్రం. రేపు ఎవరు ప్రశ్నించినా చూపించడానికి కలెక్టర్ ఆర్డర్ ఉంటుంది.

కారా దత్తత

తల్లిదండ్రులు లేరని, లేదా వదిలేశారని, లేదా వాళ్లే సమితికి అప్పగించారని తేలాక సీడబ్ల్యూసీ బిడ్డని "లీగల్లీ ఫ్రీ", అంటే చట్టప్రకారం దత్తతకి ఇవ్వొచ్చు అని ప్రకటిస్తుంది. రెండేళ్ల లోపు బిడ్డ దొరికితే రెండు నెలల్లో, ఆపై వయసైతే నాలుగు నెలల్లో ఇది జరగాలి. తల్లి స్వయంగా అప్పగిస్తే ఆమెకి మనసు మార్చుకోవడానికి 60 రోజులుంటాయి. ఆ అరవై రోజులు ఎదురుచూసేవాళ్లకి భారమే, కానీ ఆ గడువు తీసేయాలనే వాదనతో నేను ఏకీభవించను.

తీసుకునేవాళ్ల వయసు దగ్గర చాలామంది ఆగిపోతారు. దంపతులకి ఇద్దరి వయసూ కలిపి చూస్తారు: రెండేళ్ల లోపు బిడ్డకి 85 మించకూడదు, రెండు నుంచి నాలుగేళ్లకి 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100, ఎనిమిది నుంచి పద్దెనిమిదికి 110. ఒంటరివాళ్లకి అదే వరసలో 40, 45, 50, 55. బిడ్డకీ ఇద్దరిలో ఎవరికైనా కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. దంపతులకి పెళ్లయి రెండేళ్లు నిలకడగా గడిచి ఉండాలి. ఒంటరి మహిళ ఎవరినైనా తీసుకోవచ్చు, ఒంటరి పురుషుడికి ఆడపిల్లని ఇవ్వరు. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది పిల్లలున్నవాళ్లకి ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని, ఎవరూ ముందుకు రాని పిల్లల్నే ఇస్తారు.

ఐవీఎఫ్‌ల చుట్టూ పదేళ్లు తిరిగి, భర్తకి 47, భార్యకి 45 వచ్చాక కారా గుర్తొస్తే ఇద్దరిదీ కలిపి 92. నాలుగేళ్లు దాటిన పిల్లలకే వాళ్లు అర్హులు. ట్రీట్‌మెంట్ మానేశాకే రిజిస్టర్ చేసుకోవాలని నియమమేమీ లేదు.

ఆరోగ్యంగా ఉన్న చిన్న పిల్లల కోసం ఎదురుచూపు ఏళ్ల తరబడి సాగుతుంది, మూడేళ్లు దాటడం కొత్త కాదు. 2024-25లో దేశం మొత్తం మీద 4,515 దత్తతలు జరిగాయి, పన్నెండేళ్లలో అదే ఎక్కువ. క్యూలో ఉన్నవాళ్లు దానికి ఎన్నో రెట్లు. ఎవరి సిఫార్సూ పనిచేయదు, నంబరు ప్రకారం పోర్టలే బిడ్డ వివరాలు పంపుతుంది, 48 గంటల్లో రిజర్వ్ చేసుకోవాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని, పెద్ద వయసు పిల్లల్ని, తోబుట్టువుల్ని తీసుకోవడానికి సిద్ధపడితే ఈ ఎదురుచూపు చాలా తగ్గుతుంది.

హోమ్ స్టడీ, అంటే దత్తతకి ముందు ఇంటికొచ్చి చేసే విచారణ అనగానే భయపడి ఇల్లంతా సున్నాలేయిస్తారు. వచ్చే సోషల్ వర్కర్ చూసేది అది కాదు. పగలు బిడ్డ దగ్గర ఎవరుంటారు, అత్తగారు ఏమంటున్నారు, బిడ్డకి నిజం ఎప్పుడు చెప్తారు అని అడుగుతారు. "అస్సలు చెప్పం, మా సొంత బిడ్డలాగే పెంచుతాం" అన్నది మంచి జవాబని చాలామంది అనుకుంటారు. 18 నిండిన దత్త బిడ్డ తన మూలాలు వెతుక్కోవడానికి సొంతంగా దరఖాస్తు చేసుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. అదీగాక మన పెళ్లిళ్లలో, చావుల్లో ఏ దూరపు చుట్టమో నోరు జారకుండా ఉంటుందా? మూడో ఏటి నుంచే కథలా చెప్పుకుంటూ రావడం మేలు.

బిడ్డ ఇంటికొచ్చాక మొదట దత్తతకి ముందు పెంపకం కింద ఉంటుంది, తర్వాత కలెక్టర్ ఆర్డర్, ఆపైన రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి ఫాలో అప్. ఆర్డర్ తేదీ నుంచి బిడ్డ అన్ని విధాలా మీ బిడ్డే, వారసత్వంతో సహా. శాశ్వతం అన్న మాటకి చట్టంలో దీన్ని మించింది లేదు.

పెద్ద పిల్లల్ని తీసుకునేవాళ్లకి ఒక మాట. ఐదేళ్లు దాటిన బిడ్డ ఒప్పుకుంటేనే దత్తత. ఏడేళ్ల పాప మొదటి వారం చాలా బుద్ధిగా ఉంటుంది, అడక్కుండానే కంచం కడిగేస్తుంది. మూడో నెలలో దిండు కింద బిస్కెట్ ప్యాకెట్లు, ఎండిన చపాతీ దొరుకుతాయి. "ఆకలేస్తే అడగొచ్చు కదమ్మా" అంటే మాట్లాడదు. అన్నం ఎప్పుడు ఆగిపోతుందో తెలియని చోట పెరిగింది మరి. దాన్ని దొంగతనం అనుకునే ఇంటికి పెద్ద పిల్ల వద్దు. బిడ్డని వెనక్కి పంపేసిన కేసులు వినిపించినప్పుడల్లా కథ దాదాపు ఇలాగే మొదలవుతుంది: పెద్దవాళ్లు కృతజ్ఞత ఆశిస్తారు, బిడ్డ వాళ్లని పరీక్షిస్తుంది. హోములో పెట్టిన పేరు నచ్చలేదని మార్చే ముందు కూడా ఆగండి. ఆ పిల్ల తనతో తెచ్చుకున్నది బహుశా ఆ పేరొక్కటే.

ఫోస్టర్ కేర్ ఎవరికి

మన దగ్గర ఇది ఇంకా అలవాటు కాలేదు. దత్తతకి ఇవ్వడానికి వీల్లేని, ఇంటికీ పంపలేని పిల్లలకి ఇది. తల్లి మానసిక వైద్యంలో ఉంది, తండ్రి జైల్లో ఉన్నాడు, లేదా కన్నవాళ్లున్నా పెంచడానికి తగినవాళ్లు కారు. సీడబ్ల్యూసీ ఆర్డరుతో బిడ్డ మీ ఇంట్లో ఉంటుంది, ఖర్చుకి నెలకి 4,000 ఇస్తారు, అధికారులు వచ్చి చూస్తుంటారు. కన్నవాళ్లు వచ్చి కలవొచ్చు. పరిస్థితి మారితే బిడ్డ వాళ్ల దగ్గరికి వెళ్లిపోవచ్చు. వారసత్వం, ఇంటిపేరు మార్పు ఉండవు.

2024లో కేంద్రం ఇచ్చిన కొత్త మార్గదర్శకాలతో రెండు మార్పులొచ్చాయి. ఆరేళ్లు దాటిన పిల్లల్ని దంపతులే కాకుండా 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఒంటరివాళ్లు కూడా ఫోస్టర్ చేయొచ్చు. పురుషులైతే మగపిల్లల్నే. ఇంతకు ముందు ఐదేళ్లు పెంచాక గానీ ఫోస్టర్ కుటుంబం దత్తతకి అడగలేకపోయేది, ఇప్పుడది రెండేళ్లు, బిడ్డ లీగల్లీ ఫ్రీ అయి ఉంటేనే.

ఆ రెండేళ్ల మాట విని "అయితే క్యూ తప్పించుకోవచ్చు" అనుకునేవాళ్లున్నారు. అలా రాకండి. బిడ్డ తల్లి కోలుకుని తిరిగి అడిగితే ఇవ్వగలరా అన్నదే అసలు ప్రశ్న. ఇవ్వగలం, ఇచ్చాక కూడా ఫోన్ చేసి మాట్లాడతాం అనేవాళ్లకే ఇది. సొంత పిల్లలు హైస్కూలుకొచ్చిన దంపతులు, రిటైరైన టీచర్లు, పెళ్లి చేసుకోని అక్కలు దీనికి బాగా కుదురుతారని నా నమ్మకం. పిల్లలు లేరన్న దిగులుతో కొట్టుకుపోతున్నవాళ్లకి ఫోస్టర్ కేర్ నేను చెప్పను. ప్రతి సమీక్షకీ వాళ్లకి టెన్షన్, ఆ టెన్షన్ బిడ్డకి తెలిసిపోతుంది.

ముగ్గురు నలుగురు తోబుట్టువులుంటే ఒక్క ఇల్లు దొరకడం కష్టం. వాళ్లని విడదీయకుండా చిన్న గుంపుగా ఒక ఇంట్లో పెంచే గ్రూప్ ఫోస్టర్ కేర్ అని ఉంది. ఉన్నచోట మంచిదే.

అడ్డదారి

ఆస్పత్రి ఆయా, ఆర్ఎంపీ డాక్టరు, "నాకు తెలిసినవాళ్లున్నారు" అనే మధ్యవర్తి. ఇది ఎంపికల్లో ఒకటి కానే కాదు, అయినా చెప్పకుండా వదిలేయలేను. 2021 మేలో కోవిడ్ వేళ "తల్లిదండ్రులు పోయిన పసిపాప, దత్తత కావాల్సినవారు ఈ నంబరుకి" అన్న మెసేజ్‌లు వాట్సాప్ గ్రూపుల్లో ఎంతమంది ఫార్వర్డ్ చేశారో గుర్తుండే ఉంటుంది. 2024 మేలో రాచకొండ పోలీసులు పసిపిల్లల్ని అమ్మే ముఠాని పట్టుకున్నప్పుడు, కొనుక్కున్న ఇళ్ల నుంచి పిల్లల్ని తీసుకెళ్లి శిశువిహార్‌లో చేర్చారు. అప్పటికే అమ్మా నాన్నా అని పిలవడం నేర్చుకున్న పిల్లలున్నారు వాళ్లలో. పెంచినవాళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. చట్టం చెప్పిన పద్ధతి తప్పించి అనాథ బిడ్డని ఇచ్చినా పుచ్చుకున్నా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. అమ్మినా కొన్నా ఐదేళ్ల దాకా. ఆస్పత్రి సిబ్బంది చేస్తే మూడు నుంచి ఏడేళ్లు.

బిడ్డని పెంచలేని తల్లి మీకు తెలిస్తే, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయించండి. సీడబ్ల్యూసీకి అప్పగించడం నేరం కాదు, ఆమె వివరాలు బయటికి రావు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకి

ఎన్నారైలకి కారాలో ఇక్కడివాళ్లతో సమానంగానే అవకాశం ఉంటుంది, దరఖాస్తు మాత్రం ఉండే దేశంలోని అధీకృత ఏజెన్సీ ద్వారా వెళ్లాలి. చిక్కొచ్చేది బంధువుల దత్తతలో. తమ్ముడు పోయాడు, వాడి కూతుర్ని డాలస్ తీసుకెళ్తానని వచ్చి రెండు వారాల సెలవులో దత్తపత్రం రిజిస్టర్ చేయించుకుంటారు. ఆ పత్రం చూసి వీసా ఇవ్వరు. దేశాల మధ్య దత్తతల మీద 1993 హేగ్ ఒప్పందాన్ని భారత్ 2003లో ఆమోదించింది. అంటే ఆ దేశం నుంచి హోమ్ స్టడీ, అనుమతి, ఇక్కడ కారా ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఉండాలి. ముందు అక్కడి ఏజెన్సీతో మాట్లాడి, ఆ తర్వాతే ఇక్కడ సంతకాలు. ఈ వరస తిరగేస్తే సరిచేయడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా బిడ్డ నానమ్మ దగ్గరే ఉంటుంది కాబట్టి నానమ్మకి గార్డియన్‌షిప్ ఆర్డర్ తెప్పించడం మర్చిపోవద్దు.

పదిహేను దాటినవాళ్లు

జువెనైల్ జస్టిస్ చట్టం కింద 18 దాకా దత్తత వీలవుతుంది, ఫోస్టర్ కూడా. ఆ వయసులో అడిగేవాళ్లు చాలా అరుదు. 18 తర్వాత 21 దాకా ఆఫ్టర్‌కేర్ కింద నెలకి 4,000 రూపాయల సాయం ఉంటుంది. ఈ పిల్లలకి నేను మొదట వెతికేది పాత చుట్టాల్నే. పదేళ్ల కిందట "మా వల్ల కాదు" అన్న పెద్దమ్మ పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉండొచ్చు. అప్పుడు కుదరనిది ఇప్పుడు కుదరొచ్చు, ఎవరో ఒకరు మళ్లీ వెళ్లి అడగాలి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే మీ జిల్లా డీసీపీయూలో. ఏ బిడ్డ గురించి మాట్లాడుతున్నా రెండు విషయాలు అడగండి: లీగల్లీ ఫ్రీ ఆర్డర్ వచ్చిందా, వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఎప్పుడు రాశారు. వ్యవస్థలోకొచ్చిన ప్రతి బిడ్డకీ ఆ ప్రణాళిక ఉండాలి. బిడ్డ ఎక్కడికి వెళ్లాలి, ఎవరితో మాట్లాడారు, మళ్లీ ఎప్పుడు సమీక్షిస్తారు అన్నది అందులో రాయాలి. రెండేళ్ల కిందట రాసి వదిలేసి ఉంటే, ముందు దాన్ని తిరిగి రాయించమని సీడబ్ల్యూసీకి అర్జీ పెట్టండి. బంధువైనా, పొరుగువారైనా పెట్టొచ్చు.